ఆ ఫొటోలోది సమోవా సాలెపురుగు కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో కింది మూలన ఉండే పెట్టెలో సమోవా దేశపు సాలెపురుగు గురించి నాలుగు వాక్యాలు వేశారు. ప్రపంచంలోకెల్లా చిన్న సాలెపురుగు ఇదేనన్నారు. కాళ్లతో కలిపి అర మిల్లీమీటరు కూడా ఉండదన్నారు. పక్కన రంగుల ఫొటో ఒకటి. మా వీధిలో పిల్లలు ఆ పేజీ కత్తిరించి స్కూలు ప్రాజెక్టు పుస్తకంలో అతికించేసుకుంటారు. అందుకే ఆ నాలుగు వాక్యాల మీద ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. జువాలజీ లెక్చరర్‌గా రిటైరయిన దాన్ని, నాకు ఈ మాత్రం చాదస్తం ఉంటుంది. మొత్తం వేయలేకపోతే కోసి వేసుకోండి, కాని మార్చి వేయకండి.

ముందు ఫొటో సంగతి తేల్చేస్తాను. మీరు వేసింది గెంతుడు సాలీడు. ముందు వరుసలో రెండు పెద్ద కళ్లు, వాటికి అటూ ఇటూ రెండు చిన్నవి, ఒళ్లంతా నూగు, ఎవరిదో బొటనవేలి గోటి మీద కూర్చుని నేరుగా కెమెరా వంక చూస్తోంది. మన ఇళ్లలో కిటికీ ఊచల మీద, గోడల మీద ఈగ కోసం పొంచి పొంచి, ఒక్క గెంతుతో పట్టుకునేది అదే. ఎర కోసం గూడు అల్లుకుని కూర్చునే రకం కాదు. సమోవాది పూర్తిగా వేరే కుటుంబం. దాని పేరు సింఫైటోగ్నాథిడే. నోరు తిరగదని తెలుసు, అయినా పిల్లలకు ఇలాంటి పేర్లంటేనే సరదా. ఆ కుటుంబంలో కళ్లు సాధారణంగా ఆరే ఉంటాయి, అవీ రెండేసి చొప్పున జతలుగా. ఇంకో మాట. నిజంగా ఆ సాలెపురుగునే తెచ్చి గోటి మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి ఉంటే, ఆ ఫొటోలో మీకు గోరు మాత్రమే కనిపించేది. గసగసాల గింజ ఒకటి తీసుకోండి, అందులో సగం కూడా రాదు ఈ ప్రాణి.

ఇక కొలత. సాలెపురుగు పొడవు చెప్పేటప్పుడు కాళ్లు లెక్కలోకి రావు. తల ముందు అంచు నుంచి పొట్ట చివరి దాకా కొలుస్తారు. కాళ్లు ఎంత చాచింది, ఎంత ముడుచుకుంది అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది కదా. స్పిరిట్‌లో పడేసరికి అన్నీ ముడుచుకునే పోతాయి కూడా. ఆ పద్ధతిలో కొలిస్తే, మీరు చెప్పిన జాతి, అంటే పాటూ మార్ప్లెసై మగది, 0.43 మిల్లీమీటర్లు. గిన్నిస్ పుస్తకంలో చాలా ఏళ్లు అచ్చయిన లెక్క అది. కాని 1977లో ఫార్‌స్టర్, ప్లాట్నిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని దగ్గరి చుట్టాన్ని కొలంబియా అడవుల నుంచి లోకానికి పరిచయం చేశారు. పాటూ డిగువా దాని పేరు. దాని మగది 0.37 మిల్లీమీటర్లు. కాబట్టి ‘ప్రపంచంలోకెల్లా’ అన్న మాట దగ్గరే మీ పెట్టెకు సవరణ అవసరం. రేపు ఇంకెవరో ఇంకెక్కడో ఆకుల చెత్త జల్లెడ పడితే 0.37 కూడా పోవచ్చు. రికార్డు అన్నది ఇవాళ ఉండి రేపు పోయేది. అదొక్కటే చెప్పి వదిలేస్తే పిల్లల దగ్గర మిగిలేది క్విజ్‌లో ఒక మార్కు. అది ఎక్కడ ఉంటుంది, ఎవరికి ఎలా దొరికింది, అంత ఒంట్లో బతుకు ఎలా సాగుతుంది అన్నవి చెబితే ఆ పెట్టె చదివిన పిల్లాడు పెరట్లోకి వెళ్లి చూస్తాడు. నా గొడవంతా దీని గురించే.

సమోవా అంటే పసిఫిక్ మధ్యలో, న్యూజిలాండుకూ హవాయికీ నడుమ ఉన్న చిన్న దేశం. ఉపోలు, సవాయి అని రెండు పెద్ద దీవులు, చుట్టూ కొన్ని చిన్నవి. జనం రెండు లక్షల పైచిలుకు. అగ్నిపర్వతాలు సముద్రం అడుగు నుంచి లేచి దీవులైన చోటు అది. ఏ ఖండంతోనూ ఎప్పుడూ కలిసి లేదు. రాజధాని ఆపియా ఉపోలు ఉత్తర తీరాన ఉంది. అక్కడి నుంచి దీవిని అడ్డంగా దాటి దక్షిణం వైపు వెళ్లే రోడ్డు కొండ ఎక్కుతుంది. ఆ దారిలో మలోలోలెలెయి అనే చోటు. ఎత్తు ఆరువందల మీటర్ల దరిదాపు. మా పాడేరు ఇంతకంటే ఎత్తులోనే ఉంటుంది. కాని నాలుగు పక్కలా సముద్రం ఉన్న కొండ తీరు వేరు. తేమ గాలి ఎటు నుంచి వచ్చినా ఆ కొండకు తగిలి పైకి లేవాల్సిందే, మబ్బు కట్టాల్సిందే. చెట్ల మొదళ్లకూ రాళ్లకూ నాచు ఒత్తుగా పట్టి ఉంటుంది. మన సాలెపురుగు ఆ నాచులోది.

దానికి పేరు ఎలా వచ్చిందో కూడా రెండు మాటలు వేయాల్సింది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో జర్మనీ చేతుల్లోంచి పశ్చిమ సమోవాను, అంటే ఇప్పటి సమోవా దేశాన్ని, న్యూజిలాండు తీసుకుంది. 1962లో స్వాతంత్య్రం వచ్చేదాకా ఆ పాలనే. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయంలో బ్రయాన్ జాన్ మార్ప్లెస్ అని జువాలజీ ప్రొఫెసర్ ఉండేవారు. పసిఫిక్ దీవుల సాలెపురుగులంటే ఆయనకు పిచ్చి. 1951లో ఈ బుల్లి సాలెపురుగుల కోసం ‘పాటూ’ అనే కొత్త ప్రజాతి, అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపే గుంపు, పెట్టింది ఆయనే. అప్పుడు ఆధారం చేసుకున్నది ఫిజీలో దొరికిన జాతి. ఫిజీ అంటే మన జిల్లాల వాళ్లకు చెరకు తోటలే గుర్తొస్తాయి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి కూలికి వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, వాళ్ల మనవలూ మునిమనవలూ ఇప్పటికీ అక్కడున్నారు. ఆ దీవుల మట్టిలో ఇలాంటి ప్రాణి ఒకటి ఉందని ఆ కుటుంబాలకైనా ఎవరైనా చెప్పారో లేదో.

సరే, మళ్లీ సమోవాకు. 1955లో మార్ప్లెస్ పశ్చిమ సమోవా సాలెపురుగుల మీద పెద్ద వ్యాసం ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత, 1959లో, న్యూజిలాండు వారే అయిన రే ఫార్‌స్టర్ ఈ నాచు సాలెపురుగును వర్ణించి, గౌరవంగా దానికి మార్ప్లెస్ పేరు పెట్టారు. 1977లో కొలంబియా జాతిని పరిచయం చేసిన ఇద్దరిలో ఈయన ఒకరు. అంటే తాను పేరు పెట్టిన పురుగు రికార్డును పద్దెనిమిదేళ్లకు తానే దాటించేశారన్నమాట. నాకు భలే నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. మార్ప్లెస్ సాలెపురుగులతో పాటు న్యూజిలాండులో దొరికిన పెంగ్విన్ శిలాజాల మీద కూడా పనిచేశారు. అందుకని 1963లో బ్రాడ్‌కోర్బ్ అనే ఆయన ఒక పాతకాలపు పెంగ్విన్‌కు మార్ప్లెస్ పేరే పెట్టారు. అది నిలబడితే మీటరు పైన ఎత్తు ఉండేది. ఒకే మనిషి పేరు అటు అంత పక్షికీ, ఇటు కంటికి ఆనని ఈ సాలెపురుగుకూ ఉంది. మీ పెట్టెలో ఈ ఒక్క ముక్క వేసినా పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు.

అయితే కంటికి ఆననిదాన్ని ఎలా పట్టుకుంటారు? నేను క్లాసులో ఈ ప్రశ్న అడిగితే పిల్లలు ఎప్పుడూ ‘మైక్రోస్కోప్‌తో మేడమ్’ అనేవారు. మైక్రోస్కోప్ చూడ్డానికి. పట్టుకోవడానికి గరాటు. 1905లో బెర్లీజ్ అనే ఇటలీ ఆయన ఈ ఉపాయం కనిపెట్టారు. 1918లో స్వీడన్‌కు చెందిన తుల్‌గ్రెన్ దానికి బల్బు చేర్చారు. గరాటులో జల్లెడ, జల్లెడ మీద నాచు గానీ ఆకుల చెత్త గానీ, పైన వెలిగే బల్బు, కింద స్పిరిట్ ఉన్న చిన్న సీసా. బల్బు వేడికి పైనుంచి నాచు ఆరడం మొదలవుతుంది. అందులోని పురుగులన్నీ చల్లదనం, చీకటి, తడి వెతుక్కుంటూ కిందికి కిందికి పోయి, చివరికి జల్లెడ కన్నాల్లోంచి సీసాలో పడతాయి. మనం చేతులు పెట్టే పనే లేదు.

మా కాలేజీలో ఆ పరికరం లేదు. కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి బోర్లించాం, అదే గరాటు. హాస్టల్ వంటగదిలో మూలపడ్డ టీ వడపోత అందులో ఇరికించాం. వానాకాలం నడుస్తోంది. వాటర్ ట్యాంకు వెనక గోడకు అంగుళం మందాన నాచు పట్టి ఉంది. మా అటెండర్ చాకుతో అట్టు తిరగేసినట్టు నీటుగా పెళ్లగించి ఇచ్చాడు గానీ, ‘పాచి కోసం ఇంత హడావిడేంటమ్మా’ అని స్టాఫ్‌రూమ్ దాకా నవ్వుకుంటూ పోయాడు. రాత్రంతా బల్బు వెలగాలి. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. తెల్లారి చూస్తే సీసాలో స్పిరిట్ కాస్త మురికిగా కనిపించింది, అంతే. పిల్లల మొహాలు వాడిపోయాయి.

ఆ మురికినే వాచ్‌గ్లాసులో పోసి డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద పెట్టాం. మొదట చూసిన అమ్మాయి తల వెనక్కి లాక్కుంది. మట్టి రేణువులనుకున్నవాటిలో సగానికి కాళ్లున్నాయి. గుండ్రంగా గోధుమరంగులో మెరిసే పేడపురుగుల్లాంటివన్నీ మైట్లు. పొట్ట కింద స్ప్రింగులాంటి అవయవం మడిచిపెట్టుకుని, అవసరం పడితే దాంతో ఎగిరిపోయే స్ప్రింగ్‌టెయిళ్లు, తెల్లగా, పొడుగ్గా. తేలు లాగే ముందు పటకార్లున్నా తోక లేని ఒక చిన్న ప్రాణి. దాన్ని మిథ్యాతేలు అంటారు, పుస్తకంలో బొమ్మ తప్ప నేను కూడా అప్పటిదాకా చూడలేదు. ఒక పక్కగా కాళ్లు ముడుచుకుని, దాదాపు పారదర్శకంగా, మిల్లీమీటరు కూడా లేని సాలెపురుగు ఒకటి. పిల్లదో పెద్దదో చెప్పగలిగే నైపుణ్యం మా దగ్గర లేదు. మా గోడ మీద సమోవా జాతి దొరికిందని నేను అనడం లేదు, అది ఆ దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. కాని ఆ రోజు ఆ క్లాసులో ఒక్కరు కూడా బెల్ కొట్టగానే లేవలేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి పీరియడ్లు చాలా తక్కువ.

ఇప్పుడు ఆ ఒంటి సంగతి. ఏ ఆకారాన్నయినా పొడవులో సగానికి కుదిస్తే పైచర్మం నాలుగో వంతుకు తగ్గుతుంది, లోపలి సరుకు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అంటే చిన్నదయ్యేకొద్దీ ఒంట్లో ఉన్న కాసిన్ని నీళ్లకు చర్మం ఎక్కువైపోతుంది. ఎండగాలి తగిలితే ఇట్టే ఎండిపోతుంది. నాచు వదిలి బయటకు రాకపోవడానికి పెద్ద కారణం అదే. మామూలు సాలెపురుగు పొట్ట కింద పుస్తకాకార ఊపిరితిత్తులుంటాయి. ఇంటర్ పిల్లలు తేలు పాఠంలో ఆ పేరు వినే ఉంటారు. ఈ కుటుంబానికి అవి లేవు, సన్నటి వాయునాళాలతోనే సరిపెట్టుకుంటాయి. కోరలుండే రెండు దవడ భాగాలూ కలిసి అతుక్కుని ఉంటాయి. నోటి పక్కన చిన్న కాళ్లలా ఉండే పెడిపాల్పులు ఆడవాటికి అసలే ఉండవు. మగవాటికి ఉంటాయి, సంతానానికి వాటి అవసరం ఉంది కాబట్టి. చోటు చాలనప్పుడు ఇంట్లో ఏ సామాను ఉంచాలి, ఏది తీసేయాలి అని మనం కూర్చుని లెక్కలు వేసుకుంటాం. ఇక్కడ ఆ లెక్క పరిణామక్రమమే లక్షల ఏళ్లు తీసుకుని వేసింది.

మెదడు మాటకొస్తే అన్నీ పక్కకు తప్పుకోవాల్సిందే. పనామాలోని స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థ వాళ్లు 2011లో పెద్దా చిన్నా కలిపి తొమ్మిది జాతుల సాలెపురుగులను పరిశీలించారు. వాటిలో సమోవాది లేదు, కాని ఇదే తరహా బుల్లివి ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నవాటిలో నాడీమండలం శరీరం ముందు భాగం లోపలి చోటులో దాదాపు 80 శాతం ఆక్రమించింది. తలలో పట్టక కాళ్లలోకి కూడా వచ్చేసింది, కాళ్ల లోపలి చోటులో పాతిక శాతం దాకా మెదడే. మనిషి మెదడు ఒంటి బరువులో రెండు శాతం చిల్లర. ఇంకా ముచ్చటేమిటంటే, అంత చిన్న మెదడుతో గూడు అల్లితే తప్పులు ఎక్కువ పోవాలి కదా అని ఆ సంస్థకే చెందిన ఎబర్‌హార్డ్ 2007లో కొలిచి చూశారు. పోగుకూ పోగుకూ మధ్య దూరం ఎంత తేడాగా పడుతోందో పెద్ద సాలెపురుగులతో పోల్చారు. చిన్నవి ఏమీ తీసిపోలేదు. పాటూ ప్రజాతి సాలెపురుగులు కూడా పోగులు దగ్గర దగ్గరగా పోసి, నేలకు సమాంతరంగా గుండ్రటి గూడు అల్లేవే. మన గుమ్మాల్లో నిలువుగా వేలాడే గూళ్లు చూసి అలవాటైన కంటికి అది నేల మీద పరిచినట్టుంటుంది.

ఏ ఖండంతోనూ కలవని దీవి మీదికి ఇంత ప్రాణి ఎలా చేరింది అని మీ పాఠకుడెవరైనా అడగవచ్చు. సాలెపురుగుల్లో చిన్నవీ పిల్లలూ చేసే పని ఒకటుంది. ఎత్తయిన చోటికి ఎక్కి, పొట్ట పైకెత్తి, గాలిలోకి సన్నటి పట్టుపోగులు వదులుతాయి. గాలి ఆ పోగుల్ని ఎత్తుకుంటే దాంతో పాటు ఇదీ పోతుంది. 1832లో డార్విన్ బీగిల్ ఓడలో వెళుతుంటే, ఒడ్డుకు అరవై మైళ్ల దూరాన ఓడ తాళ్ల మీదికి బుల్లి సాలెపురుగులు వేలకొద్దీ వచ్చి వాలాయి. 1883లో క్రకటోవా బద్దలై దీవి మీద ప్రాణమన్నది లేకుండా పోయింది. తర్వాతి ఏడాది మే నెలలో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి బృందంలో కొత్తో అనే ఆయన ఎంత వెతికినా ఒకే ఒక ప్రాణి కనిపించింది. చాలా చిన్న సాలెపురుగు. తినడానికి ఇంకో పురుగైనా లేని బూడిదలో కూర్చుని గూడు అల్లుతోందట. పసిఫిక్ దీవులకు మొదట చేరే వాళ్లలో సాలెపురుగులు ఎందుకుంటాయో అర్థమవుతుంది కదా. అలా ఎప్పుడో వచ్చిన వాటి సంతతి తరాల కొద్దీ ఒంటరిగా ఉండిపోయి ఆ దీవికే సొంతమైన జాతులుగా మారతాయి. పాటూ సమోయెన్సిస్ అని దీని చుట్టం ఇంకోటి కూడా సమోవాలోనే ఉంది.

సొంత జాతి అనగానే గర్వంగానే ఉంటుంది గాని, అందులో టెన్షన్ కూడా ఉంది. ఇంకెక్కడా లేదంటే అక్కడ పోతే పోయినట్టే. 1990 ఫిబ్రవరిలో ఓఫా తుపాను, 1991 డిసెంబరులో వాల్ తుపాను వరసగా సమోవాను కొట్టాయి. చెట్లు కూలి, ఉన్నవాటి ఆకులు కూడా రాలిపోయి అడవి బోడిగా మిగిలింది. పెద్ద చెట్టు నీడ పోతే ఎండ నేరుగా నాచు మీద పడుతుంది. నాచులో ఉన్నవాళ్ల గతి ఏమిటో పైన లెక్క చెప్పాను. తుపాను వెళ్లాక పక్షులను లెక్కపెట్టడానికి మనుషులు వెళతారు. ఆ దేశపు జాతీయ పక్షి మనుమియా, ముక్కుకు పళ్లలాంటి గాట్లుండే పావురం, అంతరించే అంచున ఉంది. దాని కోసం ప్రచారాలు, పోస్టర్లు ఉన్నాయి, ఉండాల్సిందే. సాలెపురుగుకు వాటా రావాలని నేను అడగను. ఆ పక్షి కోసం కాపాడే అడవిలోనే ఇదీ ఉంటుంది. 1978లో ఉపోలు మీద ఏర్పడిన ఓ లె పుపూ-పుయె జాతీయ పార్కు అలాంటిదే.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది, సైజు మాత్రం వేరు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో నెమలి నీలం రంగులో మెరిసే పెద్ద సాలెపురుగు, పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ దాన్ని గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా వర్ణించారు. మళ్లీ దాని ఆచూకీ తెలియడానికి వందేళ్లు పట్టింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఆ సాలెపురుగు ఇప్పుడు విదేశాల్లో గుత్తి పేరు మీదే పెంపుడు జంతువుగా అమ్ముడవుతోంది. అక్కడి వాళ్లకు గుత్తి తెలుసు, మన పిల్లలకు ఆ సాలెపురుగు తెలియదు. అది అరచెయ్యంత ఉంటుంది, రంగు ధగధగలాడుతుంది, అయినా ఇదీ పరిస్థితి. మన తూర్పు కనుమల ఆకుల చెత్తలో మిల్లీమీటరు లోపు ఉన్నవాటి మాట ఇక చెప్పేదేముంది? పేపర్లలో ‘అరుదైన జీవి లభ్యం’ అని వార్త వచ్చిన ప్రతిసారీ చూస్తాను. పాము, ఉడుము, పునుగు పిల్లి, అలుగు. వేటినీ తక్కువ చేయడం లేదు. గరాటు పెట్టి వెతికితే దొరికినవాటి గురించి ఒక్క వార్త కూడా నా కంట పడలేదు.

కాబట్టి నా విన్నపాలు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే మూలన, అంతే సైజు అక్షరాల్లో సవరణ వేయండి: ఫొటో వేరే జాతిది, కొలతలో కాళ్లు కలపకూడదు, మగవాటిలో దీనికన్నా చిన్నది కొలంబియాలో ఉంది. ఎడిట్ పేజీ అడుగున వేస్తే లాభం లేదు, పిల్లలు అక్కడిదాకా రారు. ఇక మీదట ‘అతి పెద్ద, అతి చిన్న’ పెట్టెలు వేసినప్పుడల్లా, అది ఎలా తెలిసిందో ఒక్క వాక్యం చేర్చండి. చోటు చాలకపోతే ఫొటో తగ్గించుకోండి.

వానాకాలం పోకముందే ఆ గరాటు తయారీ కూడా పిల్లలకు బొమ్మలతో ఇవ్వగలిగితే మరీ సంతోషం. కావాలంటే నేను రాసి పంపుతాను, పారితోషికం అక్కర్లేదు. సీసా కోసే పని పెద్దవాళ్లే చేయాలని, బల్బుకూ నాచుకూ మధ్య జానెడు ఎడం ఉండాలని, స్పిరిట్ బల్బు దగ్గరకు రాకూడదని తప్పక వేయాలి. స్పిరిట్ లేకపోతే తడి దూది పెట్టిన ఖాళీ సీసా చాలు, అప్పుడు పురుగులు బతికే ఉంటాయి, చూసి మళ్లీ నాచులో వదిలేయవచ్చు. చిన్న పిల్లలకు నేను ఈ పద్ధతే చెబుతాను. ఇంకోటి, ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, దానికి వేడి చాలదు. పాత ఫిలమెంట్ బల్బు కావాలి. మా బజారులో రెండు షాపులు తిరిగితే గాని దొరకడం లేదు. అసలే దొరక్కపోతే వాన తెరిపిచ్చిన పూట ఎండలో పెట్టినా పనవుతుంది, కాకపోతే సాయంత్రం దాకా కాకులు తన్నకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

ఇట్లు,
జువాలజీ విశ్రాంత లెక్చరర్,
పాడేరు